ఉపగ్రహ పటంలో మీ వరి చేను: ముంపు బీమా లెక్కలో రైతు ముందుగా చూసుకోవాల్సినవి

వరి ముంపు నష్టాన్ని మళ్ళీ పంట బీమా కిందికి తెస్తున్నట్లు కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో స్థానిక విపత్తుల జాబితా నుంచి 2018లో తీసేసిన ఈ రక్షణ 2026 ఖరీఫ్ నుంచి తిరిగి వస్తుంది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని కూడా అదే ప్రకటనలో చేర్చారు. వరి నీళ్ళలోనే పెరిగే పంట కాబట్టి ముంపు నష్టాన్ని రైతువారీగా తేల్చడం కష్టమని అప్పట్లో దీన్ని తొలగించారు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను, 2025 అక్టోబరు చివర్లో వచ్చిన మొంథా తుపాను చూసిన కోస్తా రైతులకు ఈ రక్షణ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అయితే రక్షణ తిరిగి రావడం ఒక ఎత్తు, నష్టాన్ని రుజువు చేసుకోవడం మరో ఎత్తు. ఈ ఎనిమిదేళ్ళలో నష్టం లెక్క కట్టే పద్ధతి చాలా మారింది. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్‌లో తయారయ్యే పటాలు, ఫోన్‌లో తీసిన ఫోటోకు అతుక్కుని వచ్చే అక్షాంశ రేఖాంశాలు ఇందులో భాగమయ్యాయి. ఇవి రైతుకు మేలు చేయగలవు, నష్టమూ చేయగలవు. పటం ఎలా తయారవుతుందో, అందులో మన చేను ఎక్కడ పడుతుందో తెలిసిన రైతు తన మాట తాను చెప్పుకోగలడు.

తెర మీద ఒక గడి అంటే పొలంలో ఒక గుంట

కంప్యూటర్ తెర మీద కనిపించే ఉపగ్రహ చిత్రం నిజానికి చిన్న చిన్న చదరపు గడుల కూర్పు. ప్రతి గడికి ఒక విలువ ఉంటుంది. ఆ గడిలో ఏమేం ఉన్నా, వరి, గట్టు, బోదె, కొబ్బరి చెట్టు, అన్నీ కలిసి ఒకే విలువగా నమోదవుతాయి.

ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలను పంటల పరిశీలనకు ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటున్నారు. వీటిలో ముఖ్యమైన రంగుల్లో ఒక్కో గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే 100 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు ఒక గుంట, సెంట్లలో రెండున్నర. ఎకరానికి సుమారు 40 గడులు వస్తాయి. మన రిసోర్స్‌శాట్-2లోని లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు, అంటే ఒక్కో గడి పదమూడున్నర సెంట్లు. ఎకరానికి ఏడు గడులే. 250 మీటర్ల గడులున్న చిత్రాలు కూడా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఒక్క గడి పదిహేను ఎకరాలు దాటుతుంది. ఇవి జిల్లా మొత్తం పరిస్థితి తెలుసుకోవడానికి పనికొస్తాయి గానీ ఒక రైతు చేను గురించి ఏమీ చెప్పలేవు.

చేను ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. చతురస్రంగా ఉన్న ఎకరం మడిలో సగానికి పైగా గడులు పూర్తిగా చేను లోపలే పడతాయి. అదే ఎకరం 20 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవున్న పట్టీగా ఉందనుకోండి. అడ్డంగా చూస్తే ఒకటి రెండు గడులకే చోటు. మిగతా గడుల్లో సగం మీ వరి, సగం పక్కవారి మినుము లేదా చేపల చెరువు గట్టు కలిసిపోతాయి. అన్నదమ్ముల పంపకాల్లో సన్నగా చీలిపోయిన మన కమతాలకు ఇదే పెద్ద చిక్కు. మీ చేను మునిగినా, పక్క మెరక చేను పచ్చగా ఉంటే ఆ గడి 'ఫరవాలేదు' అనే చూపిస్తుంది.

మబ్బు పట్టినా రాడార్ చూస్తుంది, కానీ ఏం చూస్తుంది?

మామూలు ఉపగ్రహ కెమెరా ఎండ వెలుతురులోనే చూడగలదు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రటి కాంతిని ఎక్కువగా పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెనే ఎన్‌డీవీఐ అంటారు. ఇది మైనస్ 1 నుంచి 1 వరకు ఉంటుంది. దట్టంగా ఎదిగిన పచ్చని పైరుకు ఎక్కువగా, ఖాళీ నేలకు తక్కువగా, నీటికి సాధారణంగా సున్నా కంటే తక్కువగా వస్తుంది. కానీ తుపాను రోజుల్లో ఆకాశమంతా మబ్బే. మబ్బు కింద ఏముందో ఈ కెమెరాకు తెలియదు.

అందుకే ముంపు పటాలకు రాడార్ ఉపగ్రహాలు వాడతారు. ఇవి తామే రేడియో తరంగాలను కిందికి పంపి, తిరిగి వచ్చిన దాన్ని కొలుస్తాయి. మబ్బు, చీకటి వీటికి పెద్దగా అడ్డం కావు. నిలిచిన నీరు అద్దంలా నున్నగా ఉంటుంది కాబట్టి తరంగాన్ని మరో వైపు జార్చేస్తుంది, చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. ఐరోపా సెంటినెల్-1, ఇస్రో 2022 ఫిబ్రవరిలో ప్రయోగించిన ఈవోఎస్-04 ఈ రకానివే. ఇస్రో, నాసా కలిసి తయారు చేసిన నిసార్ కూడా 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నింగికెళ్ళింది.

రాడార్‌కు మూడు పరిమితులు ఉన్నాయని రైతులు గమనించాలి.

మొదటిది రోజు. సెంటినెల్-1 శ్రేణిలో ఒక్కో ఉపగ్రహం, అలాగే నిసార్, ఒకే దారిలో అదే చోటికి 12 రోజులకోసారి వస్తాయి. వేర్వేరు ఉపగ్రహాలను కలుపుకుంటే ఈ ఎడం తగ్గుతుంది గానీ, మీ ఊరి మీదుగా వెళ్ళే రోజు తుపానును బట్టి మారదు. మూడు రోజులు నిలిచిన నీరు ఉపగ్రహం వచ్చేలోపు మురుగు కాలువలోకి దిగిపోతే పటంలో ముంపే ఉండదు. కుళ్ళిన పైరు మాత్రం చేలో ఉంటుంది.

రెండోది వరి స్వభావం. దమ్ము చేసి నాట్లు వేసినప్పుడు మడి నల్లగా కనిపించి, పైరు ఎదిగేకొద్దీ చిత్రం తేటపడుతుంది. ఈ మార్పును బట్టే కంప్యూటర్ 'ఇది వరి' అని గుర్తిస్తుంది. కాబట్టి నాట్ల దశలో మడిలో పెట్టిన నీరేదో, వరద నీరేదో ఒక్క చిత్రంతో తేల్చలేదు. ఎదిగిన పైరు కింద నిలిచిన నీరు కూడా కొన్ని రాడార్లకు సరిగా అందదు. పైరు తల దాకా మునిగితేనే స్పష్టంగా తెలుస్తుంది.

మూడోది గింజ. కంకి దశలో నేలవాలిన చేలో గింజ మొలకెత్తినా, ధాన్యం రంగు మారినా, తాలు పెరిగినా పైనుంచి కనిపించదు. పైగా కోతకొచ్చిన వరి తనంతట తానే పచ్చదనం తగ్గి పసుపు రంగుకు తిరుగుతుంది. ఎన్‌డీవీఐ తగ్గింది పంట పండినందుకా, పాడైనందుకా అని అంకె ఒక్కటే చెప్పలేదు. మిచాంగ్ సమయంలో డెల్టా రైతులకు ఎక్కువ దెబ్బ తగిలింది ఈ దశలోనే.

బీమా లెక్కలో ఈ పటం ఎక్కడ కలుస్తుంది

ఫసల్ బీమాలో పరిహారానికి రెండు దారులు ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి చూస్తే అయోమయం తప్పదు.

ఒకటి ఊరంతటికీ కలిపి కట్టే దిగుబడి లెక్క. వరి లాంటి ప్రధాన పంటలకు గ్రామం లేదా గ్రామ పంచాయతీని యూనిట్‌గా తీసుకుంటారు. అక్కడ కనీసం నాలుగు పంటకోత ప్రయోగాలు చేసి సగటు తీస్తారు. అది హామీ దిగుబడి కంటే తగ్గితే, ఎంత శాతం తగ్గిందో బీమా మొత్తంలో అంత శాతం ఆ యూనిట్‌లోని బీమా రైతులందరికీ ఇస్తారు. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ పంటలకు యెస్‌టెక్ అనే పద్ధతిలో ఉపగ్రహ సమాచారంతో కంప్యూటర్ అంచనా వేసిన దిగుబడికి కూడా కనీసం 30 శాతం వాటా ఇస్తున్నారు.

దీని ప్రభావం అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. హామీ దిగుబడి ఎకరాకు 20 క్వింటాళ్ళు, బీమా మొత్తం 40 వేల రూపాయలు అనుకోండి. పంటకోత ప్రయోగాల సగటు 18 క్వింటాళ్ళు వచ్చింది. అదొక్కటే చూస్తే లోటు 10 శాతం, పరిహారం 4,000 రూపాయలు. కానీ కంప్యూటర్ అంచనా 22 క్వింటాళ్ళు అయితే, 70 శాతం, 30 శాతం చొప్పున కలిపినప్పుడు దిగుబడి 19.2 అవుతుంది. లోటు 4 శాతానికి పడిపోతుంది. పరిహారం 1,600 రూపాయలే. దీనికి తిరుగు కూడా ఉంది. కోత ప్రయోగాల్లో 21 వచ్చి, కంప్యూటర్ 17 అంటే కలిపిన దిగుబడి 19.8 అవుతుంది. అసలేమీ రాని చోట ఎకరాకు 400 రూపాయలు వస్తాయి. కాబట్టి ఈ పద్ధతి రైతుకు ఎప్పుడూ వ్యతిరేకం అనలేం. కోత ప్రయోగాలు ఆలస్యం కావడం, ఫలితాల మీద తగాదాలు పడటం వల్లే దీన్ని తెచ్చారు. అయితే ఆ 30 శాతం ఎలా వచ్చిందో ఊరి రైతుకు ఎవరో ఒకరు చూపించాలి.

రెండో దారి రైతువారీ నష్టం. వడగళ్ళు, కుంభవృష్టి, పిడుగుపాటు మంటలు, ముంపు లాంటి స్థానిక విపత్తులకు, అలాగే కోసి పనల మీద ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపాను లేదా అకాల వర్షానికి పాడైతే, ఎవరి చేను వారికే లెక్క కడతారు. తిరిగి వచ్చిన వరి ముంపు ఈ దారిలోకే వస్తుంది. ఇక్కడ నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజేయడం తప్పనిసరి. ఊరి సగటుతో పని లేదు. మీ చేను ఏది, అది నిజంగా మునిగిందా అన్నదే ప్రశ్న. జవాబు మీరు నమోదు చేసిన సర్వే నంబరు, మీరు పంపే ఫోటోలోని స్థానం మీద ఆధారపడుతుంది.

ఫోటో గట్టు మీద నుంచి తీస్తే ఏమవుతుంది

ఫోన్ చూపించే స్థానం ఆరుబయట సుమారు 5 మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. చెట్ల కింద, ఇళ్ళ పక్కన ఈ తేడా ఇంకా పెరుగుతుంది. 20 మీటర్ల వెడల్పు చేనులో రైతు గట్టు మీద నిలబడి ఫోటో తీస్తే, పటంలో ఆ చుక్క పక్కవారి చేలోనో, డొంక దారిలోనో పడవచ్చు. ఫోటోలో నీళ్ళు కనిపిస్తున్నా, పటం ప్రకారం అది మీ సర్వే నంబరు కాదు.

ఇంకో చిక్కు పటాల వరుసల్లోనే ఉంది. పాత గొలుసు కొలతలతో గీసిన ఎఫ్‌ఎంబీ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే కొన్నిచోట్ల గట్లు జరిగి కనిపిస్తాయి. రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి భూమి ఒకే ఉమ్మడి ఎల్‌పీఎం కింద ఉండిపోయింది. పాసుపుస్తకంలో ఒక నంబరు, ఈ-పంటలో ఇంకో నంబరు, బీమా పత్రంలో మూడోది ఉంటే, వరద వచ్చాక సరిచేసుకునేంత వ్యవధి 72 గంటల్లో ఉండదు.

రంగుల పటం చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

పటంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ప్రకృతి వేసినవి కావు. ఏ అంకె దగ్గర రంగు మారాలో మనిషే నిర్ణయిస్తాడు. ఎన్‌డీవీఐ 0.50 దగ్గర గీత గీస్తే 0.49 ఉన్న ఊరు ఎరుపులో, 0.51 ఉన్న పక్క ఊరు పచ్చలో పడతాయి. పొలంలో ఆ రెండు ఊళ్ళకూ తేడా ఉండదు. అందుకే ఎవరైనా పటం చూపించి 'మీ ఊళ్ళో నష్టం లేదు' అంటే ఈ అయిదూ అడగాలి.

1. చిత్రం ఏ తేదీది? నీళ్ళు ఉన్న రోజుదా, దిగిపోయాకా?
2. ఒక్కో గడి ఎన్ని మీటర్లు? మా చేను అందులో ఎన్ని గడులు?
3. మబ్బు కప్పిన భాగాన్ని ఏం చేశారు? 'సమాచారం లేదు' అని వదిలారా, 'నష్టం లేదు' లెక్కలో కలిపారా?
4. రంగు మారే గీత ఎక్కడ పెట్టారు? దేనితో పోల్చారు, నిరుటితోనా, అయిదేళ్ళ సగటుతోనా?
5. పటాన్ని సరిచూడటానికి మా మండలంలో ఎన్ని చేలకు స్వయంగా వచ్చి చూశారు?

రైతులు పాటించాల్సిన జాగ్రత్తలు

సీజన్‌కు ముందు:
• మీ జిల్లాలో వరి ముంపు రక్షణ నోటిఫై అయిందో లేదో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. తెలంగాణ 2020లో ఈ పథకం నుంచి బయటకు వచ్చింది కాబట్టి అక్కడి రైతులు ఈ సీజన్ పరిస్థితిని ఏఈవోను అడగాలి.
• ప్రీమియంలో రైతు వాటా ఆహార పంటలకు ఖరీఫ్‌లో గరిష్ఠంగా 2 శాతం, రబీలో 1.5 శాతం. గడువు తేదీ దాటాక కట్టే వీలుండదు.
• పాసుపుస్తకం, ఈ-పంట, బీమా పత్రం మూడింటిలో సర్వే లేదా ఎల్‌పీఎం నంబరు, విస్తీర్ణం, పంట పేరు ఒకటేనా అని చూడాలి. కౌలు రైతులు సాగుదారుగా తమ పేరే నమోదైందని నిర్ధారించుకోవాలి.
• పైరు బాగున్నప్పుడే చేను మధ్యలో నిలబడి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఒక ఫోటో తీసి ఉంచాలి. తర్వాతి ఫోటోతో పోల్చడానికి ఇది పనికొస్తుంది.

ముంపు వచ్చినప్పుడు:
• టవర్ సిగ్నల్ లేకపోయినా ఫోన్ ఉపగ్రహాల నుంచి స్థానాన్ని పట్టుకోగలదు. ఆరుబయట కొన్ని నిమిషాలు ఆగితే సరి. కాబట్టి సిగ్నల్ కోసం ఎదురుచూడకుండా ఫోటో తీయాలి.
• వీలైనంతవరకు చేను లోపలికి వెళ్ళి తీయాలి. ఒకటి నీటి మట్టం తెలిసేలా కర్ర లేదా మనిషిని పెట్టి, ఒకటి కంకులు దగ్గరగా, ఒకటి గుర్తుపట్టగల చెట్టో, మోటారు షెడ్డో కనిపించేలా ఉండాలి. కరెంటు తీగలు తెగి ఉంటే, ప్రవాహం ఉంటే దిగకూడదు.
• రోజుకొకసారి అదే చోట నుంచి తీస్తే నీరు ఎన్ని రోజులు నిలిచిందో తేదీలతో రుజువవుతుంది. ఉపగ్రహం రాని రోజులకు ఇదే సాక్ష్యం.
• 72 గంటల్లోపు పంట బీమా యాప్ ద్వారా లేదా 14447 నంబరుకు ఫోన్ చేసి తెలియజేయాలి. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి. వ్యవసాయ అధికారికి, అప్పు ఉంటే బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇచ్చి నకలు తీసుకోవాలి.
• పరిశీలనకు వచ్చే వరకు చేనులో కొంత భాగం కోయకుండా ఉంచితే మంచిది.

ఊరి యువత చేయగలిగిన పని

ఈ పటాలు చూడటానికి పెద్ద కార్యాలయం అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ వెబ్‌సైట్ 2009 నుంచి అందుబాటులో ఉంది. సెంటినెల్ చిత్రాలను కోపర్నికస్ బ్రౌజర్‌లో తేదీల వారీగా ఉచితంగా చూడవచ్చు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మామూలు ల్యాప్‌టాప్‌లో వేసుకుని, ఊరి హద్దు గీసి, ముంపుకు ముందు తర్వాత చిత్రాలను పక్కపక్కన పెట్టవచ్చు. డిగ్రీ చదివే పిల్లలు కొద్ది వారాల్లో నేర్చుకోగల పని ఇది. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకరిద్దరికి ఈ పని అప్పగించి, సభ్యుల చేల స్థానాలు, నాటిన తేదీలు, ఫోటోలు ఒకచోట పెడితే, తగాదా వచ్చినప్పుడు అధికారుల పటం పక్కన ఊరి పటం కూడా ఉంటుంది. అయితే ఫోన్‌తో గీసిన హద్దు పొలం గట్టు తగాదాలకు చెల్లదు. దానికి సర్వేయర్ కొలతే ప్రమాణం.

ప్రభుత్వం చేయాల్సింది

టెక్నాలజీ పేరుతో రుజువు భారమంతా రైతు మీద పడకూడదు. తుపాను తర్వాత మూడు రోజులు కరెంటు ఉండదు, ఫోన్ ఛార్జింగ్ ఉండదు, చేలోకి దారి ఉండదు. సరిగ్గా ఆ మూడు రోజులే గడువు. ముంపు మండలాల్లో అధికారులే సామూహికంగా సమాచారం నమోదు చేయాలి. ఊరి యూనిట్‌కు కోత ప్రయోగాల సగటు ఎంత, కంప్యూటర్ అంచనా ఎంత అన్నది రైతు సేవా కేంద్రం గోడ మీద విడివిడిగా అంటించాలి. పరిహారం ఖరారు చేసే ముందు గ్రామసభలో పటం చూపించి అభ్యంతరాలు తీసుకోవాలి. మబ్బు వల్ల సమాచారం లేని చోటును నష్టం లేని చోటుగా లెక్కించకూడదు.

ఉపగ్రహం అబద్ధం చెప్పదు. కానీ అది చూసింది ఒక్క రోజు, కొలిచింది గుంటకొక అంకె. మిగతాది మనుషులు వేసుకున్న అంచనా. ఆ అంచనాను సరిచేయగల సమాచారం చేను దున్నిన రైతు దగ్గరే ఉంది. కాబట్టి ఈ ఖరీఫ్‌లో నారుమడి పనులతో పాటే మూడు పత్రాల్లో నంబర్లు సరిచూసుకోవడం, చేను మధ్యలో ఒక ఫోటో తీసి దాచుకోవడం కూడా రైతులు సాగు పనుల్లో భాగంగా చేర్చుకోవాలి.